మేకపిల్లకి అణా జరిమానా: పల్నాడులో గడ్డి కోసం జరిగిన గొడవ

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు, పొట్టి మేకపిల్లలకి స్వెట్టర్లు తొడిగి సోఫా మీద గెంతిస్తుంటారు. అమెరికాలో దాన్ని పెట్ అంటారు. మన క్రోసూరులో పెరట్లో మేకపిల్ల కనపడిందంటే మాత్రం "దసరాకి ఎంతొస్తదిరా?" అని అడుగుతారు. మన తెలుగు ఐటీ వాళ్ళు బోలెడంతమంది ఉండే సియాటిల్‌లో, 2007లో సిటీ కౌన్సిల్ చట్టం చేసి మరీ పెరట్లో పొట్టి మేకలకి పర్మిషన్ ఇచ్చింది. కొమ్ములు ఉండకూడదు, మగదైతే విత్తులు తీయించాలి, లైసెన్స్ కట్టాలి. మేకకి లైసెన్సా అని నవ్వొస్తుంది కదా? మన దగ్గర అంతకన్నా పాత లెక్క ఉంది. అది మాత్రం నవ్వొచ్చేది కాదు.

1871లో బ్రిటిష్ వాళ్ళు పశువుల అతిక్రమణ చట్టం తెచ్చారు. మీ పశువు ఎవరి చేలోకైనా పోతే దాన్ని తోలుకెళ్ళి బందెలదొడ్లో పెడతారు. జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే వేలం. రేట్లు చూడండి: ఏనుగుకి 2 రూపాయలు, గేదెకి 8 అణాలు, ఆవుకి 4 అణాలు, మేకకి 1 అణా. మేకపిల్లకీ అదే అణా. కోడ్ రాసేవాళ్ళకి ఎడ్జ్ కేస్ అంటే ఏంటో తెలుసు. ఈ చట్టం రాసినోడు ఒక్క ఎడ్జ్ కేస్ కూడా వదల్లేదండీ, ఒంటెతో సహా!

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా కొండ మీద గడ్డి ఊరందరిదీ. ఒక్కసారిగా అది రిజర్వు అయింది. పశువుని మేపుకోవాలంటే తలకింత అని డబ్బు కట్టాలి. దాని పేరే పుల్లరి. ఇక మేక అంటే అటవీ అధికారులకి అసలు పడేది కాదు. ఆవు తల వంచి గడ్డి మేస్తుంది, మేక వెనక కాళ్ళ మీద లేచి చిగుళ్ళు తెంపుతుంది, చిన్న మొక్కల్ని బతకనివ్వదు. అందుకని చాలా రిజర్వుల్లోకి దాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ అదే అడవిలోంచి రైలు పట్టాల కింద చెక్క స్లీపర్లకీ, ఇంజన్ల కట్టెలకీ ఎన్ని చెట్లు పోయాయో కూడా లెక్క వేయాలి కదా. ఆ చెట్లకి బందెలదొడ్డి లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఇవాళ క్రోసూరు పల్నాడు జిల్లా. ఆ జిల్లా పుట్టింది మాత్రం 2022 ఏప్రిల్‌లో. అప్పట్లో మనది సత్తెనపల్లి తాలూకా. గొడవంతా మనకి పడమటగా, మాచర్ల, గురజాల వైపున జరిగింది. సాగర్ కాలువకి నీళ్ళు వదిలింది 1967లో. దానికి ముందు ఆ ఊళ్ళకి వాన చుక్కే దిక్కు. జొన్న పండని ఏడు బతికించేది పశువే. సెంటు భూమి లేనోళ్ళకైతే మేకే బ్యాంకు. 5 నెలల్లో ఈనుతుంది, చాలాసార్లు రెండేసి పిల్లలు. దాని మేతకి డబ్బు కట్టమంటే, ఉన్న ఒక్క అకౌంట్‌కీ ఛార్జీలు వేసినట్టే.

1921లో సహాయ నిరాకరణ వచ్చేసరికి పల్నాడులో పుల్లరి కట్టం అన్నారు. అంతటితో ఆగలేదు. అధికారులకి చాకలి, మంగలి పనులు బంద్, సరుకులు అమ్మడం బంద్. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఈ గొడవలోనే జైలుకెళ్ళారు. మాలపల్లి నవల రాసింది ఆ జైల్లోనే. ఉన్నవ వారి సొంతూరు వేములూరుపాడు, మనకి ఎంతో దూరం కాదు.

మించాలపాడులో కన్నెగంటి హనుమంతు గారు ముందు నిలబడ్డారు. 1922 ఫిబ్రవరి 12న గాంధీ గారు చౌరీచౌరా తర్వాత ఉద్యమం ఆపేశారు. ఆ కబురుతో ఇక్కడ గడ్డి ఫ్రీ అయిపోలేదుగా! కొద్దిరోజులకే అటవీ సిబ్బంది, పోలీసులు వచ్చి పశువుల్ని పట్టుకున్నారు. జనం అడ్డం తిరిగారు. కాల్పులు జరిగాయి. హనుమంతు గారూ, ఇంకొంతమందీ చనిపోయారు. పుస్తకాల్లో ఇది పుల్లరి సత్యాగ్రహం అని రెండు లైన్లలో అయిపోతుంది. బిట్ ప్రశ్నకి సరిపోతుంది, అంతే.

గాంధీ గారి సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆవు, గేదె పాలు తాగనని ఒట్టేసుకుని, జబ్బు చేసినప్పుడు కస్తూర్బా గారి మాట మీద మేకపాలు మొదలుపెట్టారు. ఆ ఒట్టు వెనకున్న ఉద్దేశం తప్పిందని ఆత్మకథలో తనే బాధపడ్డారు.

మా నాయనమ్మ వాళ్ళు రెండు మేకల్ని దొడ్లో రాటకి కట్టేసి రొట్ట కోసుకొచ్చి వేసేవాళ్ళు. మేక తిరిగి మేసే జీవం కదా, కట్టేయడం ఎందుకు? నాకేమనిపిస్తుందంటే, ఒకపక్క కొండకి కంచె, ఇంకోపక్క పక్కోళ్ళ చేను, మధ్యలో బందెలదొడ్డి. ఇక మిగిలింది పెరడే. ఇప్పుడైతే చేలల్లో పత్తి, మిర్చి మీద మందు కొడతారు. గట్టు మీద గడ్డి కూడా నమ్మలేం.

పెంచుకుందాం అనుకునేవాళ్ళకి: ఒక్కదాన్ని తేకండి, తోడు లేకపోతే రాత్రంతా అరుస్తుంది. పారుడు రోగానికి, అంటే పీపీఆర్‌కి, టీకా గురించి పశువుల ఆసుపత్రిలో అడగండి. రొట్ట ఎక్కడి నుంచి తెస్తారో ముందే చూసుకోండి.

మించాలపాడు దుర్గి మండలంలో ఉంది. క్రోసూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, కారంపూడి మీదుగా బండి మీద పోయిరావచ్చు. ఎండాకాలం మాత్రం వద్దు. ఉంటానండీ.