లాండ్రీ నుంచి కుక్కల దాకా

రెండు నెలల క్రితం సంగతి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే మా ఇంటికి రెండిళ్ళ అవతల, గడ్డిలో పసుప్పచ్చ బోర్డొకటి పాతి ఉంది. పబ్లిక్ హియరింగ్ అని పెద్దక్షరాలు, కింద కేసు నంబరు, తేదీ. కారాపి చదివాను. ఆ ఇంటావిడ తన ఇంట్లోనే కుక్కల బోర్డింగు, గ్రూమింగు పెట్టుకోవడానికి కండిషనల్ యూజ్ పర్మిట్ అడుగుతోందట. బోర్డింగంటే ఊరెళ్ళేవాళ్ళు తమ కుక్కని నాలుగు రోజులు వదిలి వెళ్ళడం. గ్రూమింగంటే వాటికి స్నానం చేయించి, జుట్టూ గోళ్ళూ కత్తిరించడం. ఆవిడ చాన్నాళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేసి మానేసింది. ఒకేసారి పది కుక్కలదాకా ఉంచుకుంటానని అడిగింది.

నేను ఇంటికి చేరేలోపే మా వీధి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు మోగిపోతోంది. పది కుక్కలంటే మాటలా అని ఒకరు, ఇళ్ళ రేట్లు పడిపోతాయని ఇంకొకరు. అందరికీ పెద్దదిక్కులాంటి ఒకాయన (నేను అన్నగారూ అంటాను) అభ్యంతరాల లేఖ రాసి పెట్టారు, అందరూ సంతకాలు చేయాలన్నారు. నిజం చెప్పాలంటే నాకూ చేయాలనే అనిపించింది. నెలకో వారం ఆన్ కాల్ డ్యూటీ నాది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయి లేచి, నాలుగింటికి మళ్ళీ పడుకుంటే, ఆరింటికి పది కుక్కలు కోరస్ అందుకుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

కానీ లేఖలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఇది ఇళ్ళ కోసం కేటాయించిన ప్రాంతం, ఇక్కడ వ్యాపారం అనేదే ఉండకూడదు" అని ఉంది. అన్నగారి ఇంట్లోనే వదినగారు శని ఆదివారాలు కూచిపూడి క్లాసులు చెప్తారు. గ్రూపులోనే ఉన్న ఇంకొకావిడ బేస్‌మెంటులో పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తుంది. మరి ఇవేమిటి? ఇళ్ళ ప్రాంతం అనే గీత అసలు ఎవరు గీశారు, ఎందుకు గీశారు? ఆ వారాంతం సినిమా మానేసి అదే చదువుతూ కూర్చున్నాను. కుక్కల గురించి మొదలుపెడితే అది తిన్నగా లాండ్రీల దగ్గరికి తీసుకెళ్ళింది.

ఇల్లు వేరు, పని చేసే చోటు వేరు అనేది మన ముత్తాతలకి తెలియని సంగతి. నేతగాడి ఇంట్లో మగ్గం గుంట నట్టింట్లోనే ఉండేది. అప్పటి అమెరికా పట్నాల్లోనూ చాలాచోట్ల అంతే, కింద కొట్టు, పైన కాపురం. శాన్ ఫ్రాన్సిస్కోలో బట్టలుతికే చైనావాళ్ళు చాలామంది లాండ్రీలోనే వండుకుని లాండ్రీలోనే పడుకునేవాళ్ళు. 1880లో ఆ ఊరి సూపర్‌వైజర్ల బోర్డు ఒక ఆర్డినెన్సు తెచ్చింది. చెక్క కట్టడంలో లాండ్రీ నడపాలంటే బోర్డు అనుమతి ఉండాలి, అంతే. చెప్పిన కారణం అగ్నిప్రమాదాలు. చెక్క ఊరు కాబట్టి కారణం సబబుగానే కనిపిస్తుంది. అయితే ఊళ్ళో దాదాపు 320 లాండ్రీలుంటే అందులో 310 చెక్కవే, 240 చైనావాళ్ళవి. అనుమతి కోసం రెండొందలమంది దాకా చైనావాళ్ళు అర్జీ పెట్టుకుంటే ఒక్కరికీ రాలేదు. చైనావాళ్ళు కాని ఎనభైమంది దాకా పెట్టుకుంటే ఒక్కరికి తప్ప అందరికీ వచ్చింది!

యిక్ వో అనే లాండ్రీ యజమాని అదే చోట 22 ఏళ్ళుగా నడుపుతున్నాడు. అంతా బాగానే ఉందని ఫైర్ వార్డెన్లూ, హెల్త్ ఆఫీసరూ రాసిచ్చిన కాగితాలున్నాయి. అయినా అనుమతి రాలేదు. మూసేయనన్నాడు, పది డాలర్ల జరిమానా పడింది, కట్టనన్నాడు, జైల్లో పెట్టారు. కేసు సుప్రీం కోర్టుకెళ్ళింది. 1886లో కోర్టు ఏకగ్రీవంగా అతని పక్షాన తీర్పిచ్చింది. కాగితం మీద అందరికీ ఒకేలా కనిపించే చట్టాన్ని కొందరిమీదే ప్రయోగిస్తే అది సమానత్వం కాదంది. నన్ను ఆకట్టుకున్నది అందులోని రెండో మాట. అనుమతి దేన్నిబట్టి ఇస్తారో, దేన్నిబట్టి కాదంటారో ఆ ఆర్డినెన్సులో ఎక్కడా లేదు. మన భాషలో చెప్పాలంటే కండిషన్ రాయని ఇఫ్ స్టేట్‌మెంటు. లోపల ఏముందంటే అధికారుల ఇష్టం.

ఇక్కడే ఒక తమాషా ఉంది. అదే రాష్ట్రంలో మోడెస్టో అనే చిన్న ఊరు 1885లో ఇంకో దారి తొక్కింది. అనుమతీ గినుమతీ ఏమీ లేదు, రైలు పట్టాలకి పడమట, జీ స్ట్రీటుకి దక్షిణాన తప్ప ఊళ్ళో ఎక్కడా లాండ్రీ ఉండకూడదు అంది. ఆ పక్క ఉన్నది చైనావాళ్ళ పేట. కాలిఫోర్నియా కోర్టు దీన్ని తప్పు పట్టలేదు, అదీ 1886లోనే. అంటే మనిషిని చూసి కాదనడం కుదరదు, మ్యాపు మీద గీత గీస్తే కుదురుతుంది. జోనింగు చరిత్రలో చాలా భాగం ఈ రెంటి మధ్యే ఊగుతూ ఉంటుంది.

తర్వాత గీతలు పెద్దవయ్యాయి. లాస్ ఏంజెలెస్ 1908లో ఊరిని ఇళ్ళ ప్రాంతాలు, పరిశ్రమల ప్రాంతాలుగా విడగొట్టడం మొదలుపెట్టింది. హాడచెక్ అనే ఆయన 1902లో ఊరి బయట ఎనిమిదెకరాల మట్టినేల కొనుక్కుని ఇటుకలు కాలుస్తుండేవాడు. ఊరు పెరిగి ఆయన చుట్టూ ఇళ్ళొచ్చాయి, ఇక్కడ ఇటుకల బట్టీ ఉండకూడదన్నారు. బట్టీగా ఆ నేల విలువ 8 లక్షల డాలర్లు, ఇళ్ళ స్థలాలుగా 60 వేలు అని మొత్తుకున్నాడు. 1915లో సుప్రీం కోర్టు ఊరి పక్షమే వహించింది. మరుసటేడు, 1916లో, న్యూయార్క్ నగరమంతటికీ ఒకే జోనింగు చట్టం తెచ్చింది. గాలీ వెలుతురూ మింగేసే ఈక్విటబుల్ బిల్డింగు లాంటి ఆకాశహర్మ్యాలు ఒక కారణమైతే, ఫిఫ్త్ ఎవెన్యూ షాపులవాళ్ళకి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలూ, మధ్యాహ్నం భోజనాల వేళ రోడ్డు మీదికొచ్చే ఆ కార్మికులూ నచ్చకపోవడం ఇంకో కారణం.

గీతని జాతిని బట్టే గీసినవాళ్ళూ ఉన్నారు. లూయీవిల్ ఊరు 1914లో నల్లవాళ్ళు ఏ వీధిలో ఉండాలో, తెల్లవాళ్ళు ఏ వీధిలో ఉండాలో చట్టం చేసింది. 1917లో సుప్రీం కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత జాతి పేరెత్తకుండా స్థలం సైజు, ఇంటి రకం పేరుతో అదే పని చేసిన ఊళ్ళు చాలా ఉన్నాయి.

అసలు మలుపు 1926. క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే చిన్న ఊళ్ళో ఆంబ్లర్ రియాల్టీ అనే కంపెనీకి 68 ఎకరాలున్నాయి. ఫ్యాక్టరీలకైతే ఎకరం పదివేల డాలర్లు, ఇళ్ళకే అంటే రెండున్నరవేలే అని ఊరి మీద కేసేసింది. కింది కోర్టు జడ్జి 1924లోనే, ఇది జనాన్ని ఆదాయాన్నిబట్టి వేరుచేయడమే అన్నాడు. సుప్రీం కోర్టు మాత్రం 6-3 తేడాతో జోనింగు సబబేనంది. తీర్పు రాసిన సదర్లాండ్ ఇచ్చిన పోలిక లా విద్యార్థులందరికీ కంఠతా వస్తుందట: దొడ్లో ఉండాల్సిన పంది ముందుగదిలో ఉంటే అదే పీడ అవుతుంది. పందిలో తప్పులేదు, చోటులోనే తప్పు. పోలిక బాగానే ఉంది కానీ, అదే తీర్పు ఇళ్ళ మధ్య అపార్ట్‌మెంటుని పరాన్నజీవిలాంటిదంది. మనలో చాలామంది అమెరికాలో దిగగానే కాపురం పెట్టేది ఆ అపార్ట్‌మెంటులోనే!

మరి ఇంట్లో చేసుకునే పనుల మాటేమిటి? వాణిజ్య శాఖ మంత్రిగా హెర్బర్ట్ హూవర్ ఉన్నప్పుడు, 1920లలో, రాష్ట్రాలకి ఒక నమూనా చట్టం తయారుచేసి పంచారు. అందులో బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ అని ఒకటుంది, అది నిబంధనలకి లోబడి మినహాయింపులు ఇవ్వొచ్చు. మా వీధిలో పాతిన బోర్డు ఆ వంశంలోదే. ఇక ఇంట్లో డాక్టరు గది, బట్టలు కుట్టడం, సంగీతం నేర్పడం లాంటివి వాడుకగా ఉన్నవే కాబట్టి పర్వాలేదని అప్పటి చాలా ఊళ్ళ చట్టాలు వదిలేశాయి. వాడుక అంటే ఎవరి వాడుక? ఆ వీధుల్లో అప్పటికే ఉన్నవాళ్ళది. పియానో టీచరు ఆ జాబితాలో ఉంది కాబట్టి, ఆ గొడుగు కిందే ఈరోజు మా వదినగారి తాళం చప్పుడు కూడా నడిచిపోతోంది. కుక్కలకి గొడుగు లేదు, చాలా ఊళ్ళలో ఇన్ని మించితే కెన్నెల్ కిందే లెక్క.

గీత కదలదనుకోవడం కూడా పొరపాటే. హ్యూస్టన్ వోటర్లు 1948, 1962, 1993లో మూడుసార్లు జోనింగు వద్దన్నారు, అక్కడ స్థలం దస్తావేజుల్లో ఉండే షరతులే చాలావరకు ఆ పని చేస్తాయి. నాష్‌విల్‌లో ఇంట్లో వ్యాపారం ఉండొచ్చు గానీ కస్టమర్ గడప తొక్కకూడదనే నిబంధన ఉండేది. ఒక రికార్డింగు స్టూడియో యజమానీ, ఒక హెయిర్‌డ్రెసరూ 2017లో కోర్టుకెక్కారు. 2020లో, సగం ప్రపంచం ఇంటినుంచే పనిచేస్తున్నప్పుడు, కౌన్సిల్ ఆ నిబంధన సడలించింది. అన్నట్టు, మా గ్రూపులో వ్యాపారం వద్దన్నవాళ్ళలో సగంమంది ఆఫీసు పని చేసేది పడగ్గదిలోంచే.

ఇంత చదివాక నాకర్థమైంది ఇది. చప్పుడుకీ వాసనకీ నిబంధన ఉండటం తప్పు కాదు, నా నిద్ర కూడా నిజమే. కానీ నిబంధన పని గురించి ఉండాలి, మనిషి గురించి కాదు. అది ముందే రాసి ఉండాలి, అందరికీ ఒకటే అయి ఉండాలి. అప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో లేనిది అదే.

నేను సంతకం చేయలేదు. అన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. "రేపు ఆ చప్పుడు నీ కిటికీలోంచే వస్తుందోయ్" అన్నారు. "వ్యాపారమే వద్దని రాస్తే రేపు వదినగారి క్లాసు గురించి ఎవరైనా రాయొచ్చు కదండీ" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. లేఖలోంచి ఆ వాక్యం తీసేశారు గానీ, లేఖ మాత్రం పంపారు.

హియరింగుకి వెళ్ళాను. మూడు నిమిషాలిచ్చారు. రాత్రిపూట కుక్కల్ని బయటికి వదలకూడదు, సంఖ్యకి హద్దుండాలి, ఆ రెండూ రాసి అనుమతివ్వండి అన్నాను. ఇచ్చారు. పదికి బదులు ఐదు కుక్కలు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకానే పెరట్లో, ఏడాది తర్వాత మళ్ళీ సమీక్ష.

బయటికొచ్చాక ఆవిడ థాంక్స్ చెప్పింది. ఐదు కుక్కలతో ఇన్సూరెన్సుకీ, కంచెకీ పోగా ఏమీ మిగలకపోవచ్చు, ఏడాది చూస్తానంది. నాకేం చెప్పాలో తోచలేదు. హద్దుండాలి అన్నది నేనే. మరి ఆ ఐదు అనే అంకె ఎక్కడినుంచి వచ్చింది? బోర్డువాళ్ళని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. యిక్ వో కథంతా చదువుకుని వెళ్ళి అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్నా అడగకుండా వచ్చాను. సమీక్ష రోజున అడగాలి.