పాట బాకీ

గోదారి మీద ఆ పాట రాసిన మనిషి కృష్ణ ఒడ్డువాడు. 1982లో వచ్చిన ‘దేవత’లో శోభన్‌బాబు, శ్రీదేవి, ఇసక తిన్నెల మీద వరసలు కట్టిన బిందెలు. తెలుగునాట ఆ పాట ఎరగని ఇల్లుండదు. మాట వేటూరి సుందరరామమూర్తిది, ఆయన ఊరు దివిసీమలోని పెదకళ్లేపల్లి. బాణీ చక్రవర్తిది, గొంతులు బాలు, సుశీలలవి. 2019లో అదే పాట ‘గద్దలకొండ గణేష్’లో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. అప్పటికి వేటూరి కన్నుమూసి తొమ్మిదేళ్లు. సినిమావాళ్లకు లాయర్లుంటారు, ఒప్పంద కాగితాలుంటాయి. నేను ఆలోచిస్తున్నది చల్లపల్లిలోనో గుడివాడలోనో ఇంట్లో ఒక కంప్యూటరు ముందు కూర్చుని, ఆ పాట కింద డప్పు బీటు వేసి, పెళ్లి ఊరేగింపుకి డీజే మిక్సు తయారుచేసే కుర్రాడి గురించి. వాడు ఎవరికైనా బాకీ పడ్డాడా? పడితే ఎవరికి, ఎంత?

పడ్డాడనే నేను నమ్ముతాను. కానీ ఆ బాకీ ఏ గుమ్మానికి చేరాలన్నది ఈ డెల్టాలో మూడు నాలుగు వందల ఏళ్లలో చాలాసార్లు మారింది.

మొదట బాకీ తీర్చుకునే నాణెం పేరు. పామర్రు నుంచి దివిసీమ వైపు వెళ్తుంటే కూచిపూడి, దాన్ని ఆనుకుని మొవ్వ వస్తాయి. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య తన పదాల్లో ఆ మొవ్వ దేవుడు మువ్వగోపాలుణ్ణి ముద్రగా పెట్టుకున్నాడు. ఆయన పదాలు తంజావూరు కొలువుకీ, అక్కణ్ణుంచి కలావంతుల కంఠాలకీ చేరాయి. ఆ స్త్రీలే వాటిని తరతరాలుగా కాపాడారు. ఎక్కడ ఎవరు పాడినా, ఎంత కొత్తగా అభినయించినా, చరణంలో మువ్వగోపాలుడి పేరు వచ్చి తీరాలి. ముద్ర తీసేసి పాడితే విన్నవాళ్లకి తెలిసిపోతుంది. కూచిపూడిలో ఇంకో రకం జమాఖర్చు నడిచింది. సిద్ధేంద్రయోగి కూర్చిన భామాకలాపానికి బదులుగా ఆ కుటుంబాల్లోని ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న మొక్కు ఉండేది. ఊరిని తానీషా అగ్రహారంగా ఇచ్చాడన్నది వాళ్లు చెప్పుకునే మాట. రాజు భూమి ఇచ్చాడు, కళాకారుడు ఆట ఆడాడు, కర్తకి పేరు దక్కింది. డబ్బు ప్రస్తావన రాకుండానే లెక్క సరిపోయింది.

పాటని మార్చి పాడటం తప్పన్న మాటా అప్పట్లో లేదు. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కృష్ణాతీరానికి త్యాగరాజ కీర్తన నడిచొచ్చిన దారి ఇది. ఈ దారిలో ప్రతి తరమూ కీర్తనకి సంగతులు చేర్చింది. ఒకే పాదాన్ని తిప్పి తిప్పి, కొత్త వంపుతో మళ్లీ పాడటమే కదా సంగతి. రీమిక్సుకి మన సంగీతంలో తాతలాంటిది అదే. దానికి ఉన్న కట్టుబాట్లు రెండే: త్యాగరాజ ముద్ర చెరపకూడదు, ఎవరి దగ్గర నేర్చుకున్నావో చెప్పాలి. గురుదక్షిణ ఆ రెండో కట్టుబాటుకి ఇచ్చిన రూపం. బియ్యం, బట్టలు, చాకిరీ, ఏదైనా కావచ్చు.

బందరుకి రంగస్థలం వచ్చాక టిక్కెట్టు వచ్చింది. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులు. ఆ జంట రాసిన పాండవ నాటకాల పద్యాలు కోస్తా జిల్లాల్లో ఊరూరా మోగాయి. ఒకే పద్యాన్ని ఒక నటుడు ఒక రాగంలో ఎత్తుకుంటే ఇంకో నటుడు మరో రాగంలో ఎత్తుకునేవాడు. జనం వన్స్‌మోర్ అంటే రాగం సాగదీసి మళ్లీ పాడాల్సిందే. కవిది మాట, నటుడిది రాగం అని ప్రేక్షకుడికి స్పష్టంగా తెలుసు. డబ్బు మటుకు కాంట్రాక్టరుకీ నటుడికీ మధ్య తేలిపోయేది, కవికి ఎక్కువగా దక్కింది కీర్తే. అదే బందరులో డి.వి. సుబ్బారావు నడిపిన ఇండియన్ డ్రమెటిక్ కంపెనీలో నాటకాలు రాస్తూ పెరిగినవాడు పింగళి నాగేంద్రరావు. ఆయన తర్వాత మద్రాసు వెళ్లి ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ రాశాడు. నాటకం నుంచి సినిమాకి వెళ్లిన ఆ తరంతోనే పాట యాజమాన్యం చేతులు మారడం మొదలైంది.

గ్రామఫోను పాటని వస్తువు చేసింది. పక్కకి సుమారు మూడు నిమిషాలు పట్టే లక్క రికార్డు. అందులోకి వెళ్లాక మాట, బాణీ, గొంతు, ధ్వనిముద్రణ నాలుగూ వేరు వేరు ఆస్తులైపోయాయి. ఈ విడదీత పెద్ద మలుపని నా అభిప్రాయం, ఇవాళ్టి గందరగోళమంతా అక్కడి నుంచే వచ్చింది. పియానోని యంత్రం వాయించే కాలంలో ఇదే గొడవ వస్తే, అమెరికా 1909లోనే ఒక తీరు కనిపెట్టింది. పాట ఒకసారి యంత్రంలోకి ఎక్కాక ఇంకెవరైనా దాన్ని ముద్రించుకోవచ్చు, ఎవరి గడపా తొక్కి బతిమాలక్కర్లేదు, ప్రతికీ రెండు సెంట్లు రచయితకి కడితే చాలు. చిన్నవాడికీ పెద్దవాడికీ ఒకటే ధర.

ఇటు గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు పసితనంలో తండ్రి పాడే తరంగాలకి అడుగులు వేశాడు. నారాయణతీర్థుల సొత్తు అది. సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వెళ్లి, కాలేజీలో చోటు దొరికేదాకా పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర విద్య, ఇల్లిల్లూ తిరిగి మధూకరం అన్నం. ఆ జోలె ఋణం తెచ్చిన గొంతు తర్వాత పాతికేళ్లకి పైగా తెలుగు సినిమాని మోసింది. అయితే సినిమాలో గాయకుడికి పాటకి ఇంత అని చేతిలో పెడితే సంబంధం అక్కడితో తెగిపోయేది. 1960ల మొదట్లో లతా మంగేష్కర్ గాయకులకీ రాయల్టీ కావాలని పట్టుబట్టినప్పుడు మహమ్మద్ రఫీ, ఇచ్చిన పారితోషికంతో మన పని అయిపోయింది కదా అన్నారు. ఇద్దరూ ఎంతో కాలం కలిసి పాడలేదు. గొంతుకి మిగులు వాటా ఉందా లేదా అన్నది ఆ రోజుల్లో గాయకులకే తేలని సంగతి.

1977ని నేను ఈ కథలో మరిచిపోలేను. మార్చిలో సుప్రీంకోర్టు గీత రచయితల, స్వరకర్తల సంఘమైన ఐపీఆర్ఎస్ కేసులో తీర్పు చెప్పింది. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి రాయించుకున్న సినిమా పాట మీద హక్కు నిర్మాతదే. ఆ తీర్పుకి జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా జతచేసిన మాటల్లో గాయకుడికి చట్టంలో చోటే లేదే అన్న ఆవేదన ఉంది. ఏప్రిల్ చివర ‘అడవిరాముడు’ విడుదలైంది, పెదకళ్లేపల్లి వేటూరి మాట రాష్ట్రమంతా మోగింది. నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచేసింది, వేలమంది పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి విరాళాలు పోగు చేశారు. ఇద్దరూ ఈ నేలవాళ్లే, ఒకరిది నిమ్మకూరు, ఒకరిది రామాపురం. పాట వల్లా ఆట వల్లా వచ్చిన పేరు ఊరికి తిరిగి చెల్లిన సందర్భం అది. కోర్టు తీర్పు చెప్పిన యాజమాన్యానికీ జనం మనసులో ఉన్న యాజమాన్యానికీ మధ్య దూరం ఆ ఒక్క ఏడాదిలో నాకు కనిపిస్తుంది.

తర్వాత క్యాసెట్టు. ఖాళీ క్యాసెట్టు కొని, తెల్లకాగితం మీద ఘంటసాల పాటల పట్టీ రాసి రికార్డింగు షాపులో ఇచ్చి, సాయంత్రం వెళ్లి తెచ్చుకునేవాళ్లం. ఆ రూపాయల్లో పింగళి ఇంటికి ఒక్క పైసా వెళ్లాలన్న ఊహే మాకు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఉత్తరాదిన గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పాత పాటల్ని కొత్త గొంతులతో పాడించి కుప్పలుగా అమ్మింది. 1957 చట్టంలోనే దానికి దారి ఉండేది. మొదటి రికార్డు వచ్చాక, ముందుగా నోటీసు పంపి రాయల్టీ కట్టి మళ్లీ పాడించుకోవచ్చు; రెండేళ్లు ఆగాలన్న గడువు తర్వాత చేరింది. ఆ దారిని పెద్ద వ్యాపారం దుర్వినియోగం చేసిందని ఫిర్యాదులొచ్చాయి. కానీ దారి ఉండటం వేరు, దాన్ని తొక్కిన తీరు వేరు.

రీమిక్సు అసలు రూపం, అంటే పాత ముద్రణలోంచి గొంతు ముక్క కోసి కొత్త బీటు మీద అతికించడం, మనవాళ్లకి దగ్గరగా వచ్చిన సందర్భం ఒకటుంది. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ సంగీతంతో తెలుగువాళ్లకి సొంతమనిషైపోయిన బప్పీలహిరి హిందీలో ‘జ్యోతి’కి కట్టిన లతా పాటని 2002లో అమెరికాలో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాటలోకి అడక్కుండా ఎత్తేశారు. లాస్ ఏంజెలెస్ కోర్టు బప్పీలహిరి పేరు వెయ్యకుండా ఆ సీడీ అమ్మొద్దని ఆపింది. డబ్బు లెక్క తేలకముందే పేరు వెయ్యమన్నారు. మువ్వగోపాల ముద్ర సంప్రదాయం చదవని న్యాయమూర్తి కూడా అక్కడికే వచ్చాడు. అదే బప్పీలహిరి ‘గ్యాంగ్ లీడర్’ వానపాట ఆ కేసు తర్వాత పదేళ్లకి, 2012లో ‘రచ్చ’లో మణిశర్మ చేతిలో కొత్త వేషం వేసుకుంది.

ఆ 2012లోనే చట్టం మారింది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా పోరాడిన సవరణ అది. రచయిత, సంగీత దర్శకుడు థియేటరు బయటి వాడకం మీద వచ్చే రాయల్టీలో తమ సమాన వాటాని నిర్మాతకి రాసిచ్చేసినా ఆ రాత చెల్లదు. ఇది నిజమైన విజయం. కానీ అదే సవరణ, కొత్తగా పాడి ముద్రించుకునేవాళ్లకి రెండేళ్ల గడువుని ఐదేళ్లు చేసింది. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ ముందే కట్టమంది, అనుమతి లేకుండా మాటా బాణీ మార్చొద్దంది. టీ-సిరీస్ లాంటి వ్యాపారాన్ని కట్టెయ్యడానికి వేసిన ఆ కంచె ఇంట్లో మిక్సు చేసుకునే కుర్రాడి ముందు కోటగోడై నిలబడింది. ఇక పాత గొంతునే వాడుకుంటే ముద్రణ హక్కుదారు అనుమతి అదనం, దానికి నిర్ణీత ధరంటూ లేదు.

కాలం కూడా అందరికీ ఒకేలా నడవదు. ముద్రణ మీద హక్కు అరవై ఏళ్లు కాబట్టి 1957 నాటి ‘మాయాబజార్’ ధ్వనిముద్రణ 2017తో స్వేచ్ఛ పొందింది. మాట మీద హక్కు మాత్రం రచయిత పోయాక అరవై ఏళ్లు. పింగళి 1971లో పోయారు, ఆయన మాట 2031 దాకా చట్టం నీడలోనే ఉంటుంది. వేటూరిది 2070 దాకా. అంటే ‘మాయాబజార్’ పడవ పాటలో గొంతు అందరిదీ, మాట ఇంకా కాదు. ఈ తేడా తెలియకే చాలామంది పాత పాటే కదా అనుకుని అప్‌లోడ్ చేస్తారు. యూట్యూబు యంత్రం ధ్వనిని గుర్తుపట్టి క్లెయిమ్ వేస్తుంది, ప్రకటనల డబ్బు కంపెనీ ఖాతాకి మళ్లుతుంది. అందులో పాట పుట్టించినవాళ్ల వాటా ఎంతన్నది ఆ కుర్రాడికి కనిపించదు.

పేరున్నవాళ్ల మధ్యా ఇది తెగలేదు. 2017లో అమెరికాలో తెలుగు, తమిళ శ్రోతల ముందు పాడుతున్న బాలుగారికి ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది. చాలామందికి కోపమొచ్చింది. నాకు బాధేసింది గానీ, స్వరకర్త అడిగినదాంట్లో అన్యాయం కనిపించలేదు. కచేరీ టిక్కెట్లు అమ్ముకునే నిర్వాహకుడు కట్టాల్సిన బాకీ అది, దాన్ని గాయకుడి భుజాన వెయ్యడమే పొరపాటు.

ఊరేగింపు మిక్సుకి నేను చెప్పే లెక్కా ఇదే. బతికున్న గాయని చేత కొత్తగా పాడించుకుంటే అది కూలి, ముందే ఇవ్వాలి, పేరు పెద్దదైతే ఎక్కువ అడుగుతుంది, అడగొచ్చు. పాత ముద్రణ కోసి వాడితే గొంతుకీ ముద్రణకీ చెల్లించాలి. మాటా బాణీ వాడుకుంటే ఆ ఇద్దరికీ, లేదా వాళ్ల వారసులకీ. పేరు అన్నిటికంటే ముందు, అది ఉచితం కాబట్టి ఎగ్గొట్టడానికి సాకు లేదు. ‘సారంగదరియా’ జానపదం 2021లో సినిమా పాటై మోగినప్పుడు, టీవీ పోటీలో దాన్ని ముందు పాడిన కోమలి అడిగినదాంట్లో ఈ పేరూ ఉంది. జానపదానికి చట్టంలో యజమాని ఉండడు, అయినా తెచ్చి వినిపించిన గొంతు ఉంటుంది. పైసా రాని మిక్సు దగ్గర పెద్ద మొత్తం అడగడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. రెండు సెంట్ల లాంటి చిన్న ధర, ఫోనులోంచే కట్టగలిగే ధర ఒకటి పెట్టి చూడండి. కుర్రాళ్లు కడతారు, క్యాసెట్టు రోజుల్లో మమ్మల్ని అడిగి ఉంటే మేమూ కట్టేవాళ్లం.

ఆ 50,000 ప్రతుల నిబంధన పక్కనే చట్టంలో ఒక వెసులుబాటు రాసి ఉంది: ఏదైనా ఒక భాషలోనో మాండలికంలోనో ముద్రణలు ఎంతమందికి చేరగలవో చూసి కనీస సంఖ్యని తగ్గించవచ్చు. ఆ పని కాపీరైటు బోర్డుకి అప్పగించారు. ఆ బోర్డు పోయి, దాని పనులు 2021 తర్వాత కోర్టులకి చేరాయి. తెలుగు పాట పేరు మీద ఆ సంఖ్య తగ్గించమని అడిగేవాళ్లు కావాలి. అడగాల్సిన అర్జీలో ఒక సంతకం పాట రాసేవాళ్లది, ఇంకొకటి బందరు, గుడివాడల్లో మిక్సులు చేసే కుర్రాళ్లది ఉండాలి.