కంట్లో పువ్వు వెనుక ఒక్క అక్షరం

పుట్టిన బిడ్డ కళ్లు తెరిస్తే నల్లగుడ్డు నడుమ తెల్లటి మచ్చ. అలాంటి మచ్చను మన పల్లెల్లో కంట్లో పువ్వు అంటారు. పుట్టుకతోనే వచ్చే ఈ మచ్చల్లో ఒక రకాన్ని 1906లో జర్మన్ కంటివైద్యుడు ఆల్బర్ట్ పీటర్స్ వర్ణించాడు. కార్నియా లోపలి పొర సరిగా ఏర్పడలేదని గమనించాడు. ఆ లోపానికి ఆయన పేరే నిలిచింది.

అయితే ఆ పిల్లల్లో కొందరు ఎదగడమూ లేదు. పొట్టి కాళ్లూ చేతులూ, ఆలస్యంగా వచ్చే నడక, మాట, కొందరికి గ్రహణం మొర్రి. కంటి మచ్చా, పొట్టితనమూ వేర్వేరు కష్టాలు కావనీ, అన్నీ కలిసి ఒకే జబ్బనీ 1984లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ స్కోనెవెల్డ్ బృందం చెప్పింది. దానికి ‘పీటర్స్ ప్లస్’ అని పేరు పెట్టింది.

కారణం దొరకడానికి మరో 22 ఏళ్లు పట్టింది. ఈ జబ్బున్న ఇద్దరు అన్నదమ్ముల క్రోమోజోములను సాస్కియా లెస్నిక్ ఒబర్‌స్టైన్ బృందం జల్లెడ పట్టింది. 13వ క్రోమోజోములో చిన్న తునక ఒకటి లేదు. ఆ తునకలో ఉండాల్సిన జన్యువుల్లో బి3గాల్ట్‌ఎల్ ఒకటి. పరీక్షించిన 20 మంది రోగుల్లోనూ ఆ జన్యువు ప్రతులు రెండూ చెడిపోయి ఉన్నాయి. ఎక్కువమందిలో తప్పు ఒక్కటే: డీఎన్‌ఏ అక్షరాల్లో ‘జి’ ఉండాల్సిన చోట ‘ఎ’. 2006లో ఈ ఫలితం వెలువడింది. పీటర్స్ వర్ణనకు అప్పటికి సరిగ్గా నూరేళ్లు.

కణంలో తయారయ్యే కొన్ని ప్రోటీన్లకు ఫ్యూకోజ్ అనే చక్కెర అంటుకుని ఉంటుంది. దానికి గ్లూకోజును జతచేయడమే ఈ జన్యువు తయారుచేసే ఎంజైము పని. అది జరగకపోతే ఆ ప్రోటీన్లలో కొన్ని కణం దాటి బయటికి రాలేవు. కన్నూ ఎముకా రూపుదిద్దుకునే వేళ అవి అందవు. ఒకే తప్పు రెండుచోట్లా బయటపడేది అందుకే.

ఇరవై మందిలో ఇరవై మందికీ ఒకే జన్యువులో లోపం దొరికిందంటే, అంతకుముందే వైద్యులు బిడ్డను తల నుంచి పాదం దాకా చూసి జబ్బును సరిగ్గా గుర్తుపట్టారన్నమాట. యంత్రం కంటే ముందు ఆ చూపు పనిచేసింది.

ఇలాంటి బిడ్డ పుడితే మన ఇళ్లలో ముందు తల్లినే అడుగుతారు, గ్రహణం నాడు ఏం చేశావని. జన్యువు చెప్పే జవాబు వేరు. చెడిన ప్రతి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి బిడ్డకు వస్తాయి, వాళ్లిద్దరూ మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిని నిందించకండి, దంపతులిద్దరినీ జన్యు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.