విపత్తుల్లో ఇంటి భద్రత – అనంతపురం ప్రాంతం

అనంతపురం కరవు సీమ. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి మేఘాలు ఇక్కడికి చేరేసరికి తేలిపోతాయి. బంగాళాఖాతం తుపానులకు ఇంత లోపలికి వచ్చేసరికి గాలి ఉధృతి తగ్గుతుంది, వాన మాత్రం మిగులుతుంది. ఇళ్లు ఎండకు తగ్గట్టు కట్టుకున్న సీమ కాబట్టి, ఆ వానే ఇక్కడ ఎక్కువ ప్రమాదం.

మట్టి మిద్దెనే చూడండి. రాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటిపై దూలాలు, దంతెలు, ఆపైన చౌడు మట్టి. బయట 40 డిగ్రీలు దాటినా లోపల చల్లగా ఉంటుంది. మిద్దె ఉరవకుండా అప్పుడప్పుడు కొత్త చౌడు పోస్తారు. పాతది తీయకుండా పోస్తూ పోతే కప్పు బరువు పెరుగుతుంది. రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే ఆ మట్టంతా నీరు పీల్చి, చెదలు తిన్న దంతె విరుగుతుంది. లేదా అడుగున నానిన గోడ జారిపోతుంది. గోడ ఉబ్బడం, కొత్త బీటలు, తలుపు బిగుసుకుపోవడం, పైనుంచి మట్టి రాలడం ముందస్తు గుర్తులు. ఇవి కనిపిస్తే ఆ రాత్రి అందులో పడుకోకూడదు. వాన వెలిసినా గోడలు పూర్తిగా ఆరేదాకా నమ్మడానికి లేదు.

పాత మిద్దెలకే కాదు ఈ ముప్పు. 2021 నవంబరులో భారీ వర్షాలకు కదిరిలో మూడంతస్తుల భవనం కూలి చిన్నపిల్లలు సహా పలువురు మరణించారు. అదే వానలకు చిత్రావతి నది పొంగి, వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ కాపాడింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలోని కాలనీలు మునిగాయి. ఏళ్ల తరబడి ఎండి ఉన్న వంకలో ఇల్లు కట్టుకోవడమంటే వరదకు ఎదురెళ్లడమే. నీళ్లు గడప దాకా వచ్చాక సామాన్లు సర్దుకుంటూ కూర్చోకుండా, కరెంటు మెయిన్ ఆపేసి, పిల్లలను, పెద్దవాళ్లను తీసుకుని మెరక మీది పక్కా భవనానికి వెళ్లాలి. పారుతున్న వంకను కాలినడకన గాని, బండి మీద గాని దాటకూడదు.

పిడుగుల వేళ, మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చేను వదిలి పక్కా ఇంట్లోకి రావాలి, చింతచెట్టు కిందికి కాదు. ఇంట్లో కుళాయిలు, ప్లగ్గులు ముట్టుకోరాదు. ‘దామిని’ యాప్ పిడుగుల హెచ్చరికలు ఇస్తుంది.

వేసవిలో రేకుల ఇళ్లు మధ్యాహ్నం నిప్పుల కొలిమే. పసిపిల్లలను, ముసలివాళ్లను ఆ వేళకు చెట్టు నీడకో చల్లటి ఇంటికో మార్చాలి.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108. వానాకాలం రాకముందే మిద్దె ఎక్కి చౌడు మందం చూసుకోండి, కింద దంతెలను తట్టి చూడండి.