వాడ గీతలోనే నేరం ఉంది

కొండపల్లి బొమ్మల కొట్టులో పొణికి చెక్కతో చేసిన ఊరు చూశాను. బావి, ఎడ్లబండి, తాటిచెట్టు అన్నీ ఉన్నాయి. వాడ లేదు. ఆ లేని వాడ కథే కారంచేడు.

1985 జులై 16న మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువులో కమ్మ కుర్రాళ్లు గేదెల కుడితి బకెట్లు కడిగారు. అదేమని అడిగితే కొట్టబోయారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరునాడు వాడ మీద పడి ఆరుగురిని చంపారు.

ఇళ్లన్నీ కలిసి ఉంటే ఎవరిల్లేదో వెతుక్కోవాలి. విడిగా ఉన్న వాడకు వెతుకులాటే అక్కర్లేదు. అందుకే బతికినవాళ్లు వెనక్కి పోలేదు, చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు.

వీధి దీపాలు, కెమెరాలు పెడితే నేరాలు తగ్గుతాయంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు మీ ఊరి పటం గీయండి. వాడ ఎక్కడుంది? నీళ్లెవరి చేతిలో ఉన్నాయి?

జై భీమ్.