ఎత్తుకు ముందు ఒక్క క్షణం

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట అన్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. దానితోపాటు పులి-మేక, వామనగుంటలు, పచ్చీసు, అష్టాచెమ్మ వంటి ఆటలు మన అరుగుల మీద, గుడి మండపాల్లో తరతరాలుగా సాగాయి. ఇప్పుడు అవన్నీ సెల్‌ఫోన్‌లోకి వచ్చి కూర్చున్నాయి. అరకు, అనంతగిరి, పాడేరు, శృంగవరపుకోట ప్రాంతాల్లో స్థిరపడిన మన సభ్యులు కొందరు సాయంత్రం కాగానే ఫోను ముందు పెట్టుకుని, ముఖమైనా చూడని మనిషితో చదరంగం ఆడుతున్నారు. మంచిదే. మోకాళ్లు సహకరించని వయసులో మెదడుకైనా నడక ఉండాలి కదా! అయితే వారిని కదిపితే వచ్చే మాట ఒక్కటే: "ఆట నాదే సార్, చివర్లో తొందరపడ్డాను." ఈ తొందర ఎక్కడి నుంచి వచ్చింది? పూర్వం ఆటగాళ్లు దానికి ఎలా కళ్లెం వేసేవారు? తెలిసినంత వరకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మన పులి-మేకనే తీసుకుందాం. బొగ్గుముక్కతో అరుగు మీద గీసుకున్నా, పాత గుళ్ల రాతినేల మీద చెక్కి ఉన్నా పటం ఒకటే. గీతలు కలిసే చోట్లు 23, పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగా పెట్టాలి. పదిహేనూ పెట్టేదాకా పెట్టిన మేకను కదపరాదు. మేకకు అవతలి చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. ఖాళీ లేకపోతే పులి ఏమీ చేయలేదు. అంటే మేకకు సొంత బలమంటూ లేదు, వెనక ఇంకో మేక ఉండడమే దాని బలం. తొందరపడి ఒంటరిగా పెట్టిన మేక పులికి ఆహారమే. ఓపికగా ఒక్కొక్క చోటూ మూసుకుంటూ వచ్చినవాడు మూడు పులులనూ కదలకుండా కట్టేస్తాడు. అక్షరం రానివారు కూడా ఈ ఆటలో పిల్లలకు నేర్పింది ఇదే: చేయి చాచే ముందు అవతలి చోటు చూడు.

ఈ నీతి మన కొండలకు కొత్తది కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి ఆయుధాలు తీసుకున్న సంగతి మనకు విదితమే. ఆ తరువాత నెలకు, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాటులో ఒక సంఘటన జరిగింది. రాజు కోసం గాలిస్తూ వచ్చిన పోలీసు బలగం ఇరుకైన కొండదారిలో ప్రవేశించింది. పొదల మాటున ఉన్న మన్యం వీరులు ముందు నడిచే జట్టును చూసి కూడా తుపాకి పేల్చలేదు. వారిని దాటిపోనిచ్చారు. వెనుక వచ్చే అధికారులు గురిలోకి వచ్చాకే కాల్చారు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు అక్కడ చనిపోయారు. యుద్ధం ఆట కాదు, అక్కడ పోయినవి ప్రాణాలు. అయినా ఆ రోజు ఆయుధబలం తక్కువున్న పక్షాన్ని గెలిపించింది మొదట కనబడినదాని మీదికి చేయి పోకుండా ఆపుకోగల నిగ్రహమే. పులి-మేకలో మేకల పక్షం ఆడేవాడికి కావలసినదీ అదే.

ఇక చదరంగం. తెలుగువారిలో చదరంగానికి పేరుబడ్డవాడు శ్రీకృష్ణదేవరాయల కాలంలోని బొడ్డుచర్ల తిమ్మన. రాయలవారితో ఆయన చదరంగమాడి గెలిచేవాడని, వందమంది ఒక్కటై రాయలవారి పక్షాన ఉన్నా గెలిచేవాడని ఒక చాటుపద్యం చెబుతుంది. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ పద్యకర్త తిమ్మనను వేగం గలవాడనో యుక్తిపరుడనో అనలేదు, ధృతి గలవాడన్నాడు. ధృతి అంటే చలించని నిలకడ. వందమంది చుట్టూ చేరి ఎత్తులు చెబుతుంటే తన ఎత్తు తాను తీరికగా ఆడినవాడిని మెచ్చుకోవడానికి అంతకు మించిన మాట దొరకదు.

పూర్వం ఆటలో ఆలోచనకూ చేతికీ మధ్య కొంత ఎడం దానంతట అదే ఉండేది. ఉత్తరాల ద్వారా ఆడే చదరంగం మన తరం వారిలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఒక కార్డు మీద ఒక ఎత్తు రాసి తపాలా పెట్టెలో వేయడం, జవాబు కోసం వారాల తరబడి ఎదురుచూడడం, ఒక్క ఆటకు నెలలు, ఏళ్లు పట్టడం! ఈ ఆటకు అంతర్జాతీయ సమాఖ్య కూడా 1951లో ఏర్పడింది. కార్డు పెట్టెలో పడేలోగా పదిసార్లు చూసుకునే వీలుండేది.

ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటలో మొదట కాలపరిమితే లేదు. 1851లో లండన్‌లో తొలి అంతర్జాతీయ పోటీ గడియారం లేకుండానే జరిగింది. కొందరు ఒక్క ఎత్తుకే అంతూపొంతూ లేకుండా కూర్చున్నారని అప్పట్లో గట్టి ఫిర్యాదులు వచ్చాయి. 1861లో అండర్‌సన్, కోలిష్ మధ్య పోటీలో ఇసుక గడియారాలు పెట్టారు. 1883లో లండన్ పోటీలో రెండు ముఖాల యంత్ర గడియారం వచ్చింది. ఒకరిది ఆగితే రెండోవారిది నడుస్తుంది. అంటే గడియారం మొదట వచ్చింది మరీ జాగు చేసేవారిని కదిలించడానికే గాని, ఆడేవారిని పరుగెత్తించడానికి కాదు. తరువాత కాలంలో అది పరుగెత్తించడం మొదలుపెట్టింది. దానికి విరుగుడుగా బాబీ ఫిషర్ ఒక కొత్త గడియారం కనిపెట్టాడు. ఆడిన ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు అదనంగా ఇచ్చే గడియారం అది. 1992లో స్పాస్కీతో మళ్లీ ఆడినప్పుడు దానినే వాడారు.

గడియారం కాక మరో రెండు కట్టుబాట్లు కూడా ఉండేవి. ముట్టిన పావునే ఆడాలన్నది మొదటిది. ఆ భయానికే చేయి ఒడిలో ఉండేది. రెండోది మన గుమాస్తా వృత్తి వారికి ఇట్టే నచ్చేది. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ కోటోవ్ తన పుస్తకంలో బ్లూమెన్‌ఫెల్డ్ అనే ఆటగాడి సలహా ఒకటి చెప్పాడు. ఆలోచన పూర్తయ్యాక ఎత్తును ముందు కాగితం మీద రాయాలి. ఆ తరువాత బల్లను కొత్తగా నేర్చుకున్నవాడి కళ్లతో ఒక్క క్షణం చూడాలి. నా రాజుకు ఆటకట్టు ఉందా? నా మంత్రి ఊరికే పోతోందా? లేదని తేలాకే పావు కదపాలి. మనం చిత్తు రాసి, సరిచూసి, శుద్ధప్రతి మీద సంతకం పెట్టడం వంటిదే ఇది! కాగా, ముందుగా రాయడాన్ని ప్రపంచ చదరంగ సమాఖ్య 2005లో నిషేధించింది. కాగితం పోయినా ఆ క్షణం చూపును మాత్రం ఎవరూ నిషేధించలేదు.

ఆన్‌లైన్ ఆటలో జరిగినదేమిటంటే ఈ ఎడమంతా చెరిగిపోయింది. కాగితం లేదు, ఎదుటి మనిషి ముఖం లేదు. వేలితో తాకి వదిలితే ఎత్తు పడినట్టే. ఒక్క నిమిషంలో, మూడు నిమిషాల్లో ముగిసే ఆటలే ఎక్కువగా ఎదురవుతాయి. ఎదుటివాడు ఆడకముందే మన జవాబు నొక్కి ఉంచే సదుపాయం కూడా ఉంది. అతడు అనుకోని ఎత్తు ఆడితే మన జవాబు మన నెత్తినే పడుతుంది. ఇక మన కొండల్లో సిగ్నల్ సంగతి చెప్పనక్కరలేదు. 2023 జూన్‌లో ఒకే రోజు 100 టవర్లు ప్రారంభమయ్యాయి, వాటిలో ఎక్కువ మన అల్లూరి జిల్లాలోవే. అయినా కొండ మలుపు తిరిగితే సిగ్నల్ తెగిపోయే పల్లెలు ఇంకా ఉన్నాయి. తెగిపోతుందేమోనన్న భయంతో వేలు మరింత పరుగెడుతుంది.

సిగ్నల్ బాధ మహామహులకూ తప్పలేదు. కోవిడ్ కాలంలో, 2020లో, తొలి ఆన్‌లైన్ చదరంగ ఒలింపియాడ్ జరిగింది. మన జట్టులో విశ్వనాథన్ ఆనంద్‌తోపాటు మన తెలుగువారు పెంటేల హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్నారు. సెమీఫైనల్లో పోలెండ్‌తో లెక్క సమమైతే, చివరి తేల్పు ఆట ఆడి జట్టును గెలిపించింది హంపి. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్లో ఇంటర్నెట్ అంతరాయం వల్ల మన యువ ఆటగాళ్లిద్దరికి గడియారం నడుస్తుండగానే ఆట తెగిపోయింది. విచారణ జరిపిన మీదట సమాఖ్య రెండు దేశాలనూ సంయుక్త విజేతలుగా ప్రకటించింది.

పొరపాటు వేగం వల్ల మాత్రమే వస్తుందనుకోరాదు. 2006 నవంబరు 27న, బాన్ నగరంలో, ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ కంప్యూటర్‌తో ఆడుతూ ప్రశాంతంగా ఒక ఎత్తు వేసి, కప్పు చేతిలోకి తీసుకుని లేచాడు. మరుక్షణమే ఒక్క ఎత్తులో ఆటకట్టయింది. 2014 నవంబరులో సోచిలో ఆరవ ఆట ఇంకో రకం. కార్ల్‌సన్ 26వ ఎత్తులో రాజును తప్పు గడిలోకి తెచ్చాడు. గుర్రంతో బంటును కొట్టి ఉంటే ఆనంద్‌దే పైచేయి. ఆనంద్ తాను ముందే అనుకున్న బంటు ఎత్తును దాదాపు నిమిషంలోనే ఆడేశాడు, ఆట ఓడిపోయాడు. ఎదుటివాడి కొత్త ఎత్తుకు మన పాత జవాబు ఇవ్వడమే అక్కడ జరిగింది.

దీనికి పక్కనే 2024 డిసెంబరు 12ను పెట్టి చూడండి. సింగపూర్‌లో ప్రపంచ పోటీ చివరిదైన 14వ ఆట. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని బిడ్డ గుకేశ్‌కు అప్పటికి 18 ఏళ్లు. డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును తప్పు చోట పెట్టాడు. తాను కూడా వేరే ఎత్తు వేయబోతున్నాననీ, అంతలో ఆ పొరపాటు కనబడిందనీ గుకేశ్ తరువాత చెప్పాడు. కనబడ్డాక కూడా వెంటనే చేయి చాచలేదు. మంచినీళ్లు తాగి, నిమ్మళించి, మరోసారి లెక్క చూసుకుని అప్పుడు ఏనుగును కొట్టాడు. ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అదే నెల 28న న్యూయార్క్‌లో, మొదటి ఆట ఓడి కూడా కంగారుపడకుండా ఆడిన హంపి రెండోసారి ప్రపంచ మహిళా ర్యాపిడ్ టైటిల్ గెలిచింది.

మరి మనం చేయగలిగినదేమిటి? ఆటలో పోయిన ఎడాన్ని మనమే తిరిగి తెచ్చుకోవాలి. నిమిషం ఆటలు మనవళ్లకు వదిలేయండి. కనీసం 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు అదనంగా ఇచ్చే ఆట ఎంచుకోండి. సిగ్నల్ నిలవని చోట ఒక్కొక్క ఎత్తుకు ఒకటి రెండు రోజులు గడువుండే ఆటలున్నాయి. మన పాత కార్డు చదరంగం మళ్లీ పుట్టినట్టే. లీచెస్, చెస్ డాట్ కామ్ వంటి వాటిలో ఎత్తు వేశాక "ఖాయమేనా?" అని మరోసారి నొక్కించుకునే ఏర్పాటు ఉంటుంది, మనవడిచేత పెట్టించుకోండి. ఎదుటివాడు ఆడగానే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇతడు ఇది ఎందుకు ఆడాడు? మీ ఎత్తు వేసే ముందు రెండో ప్రశ్న: దీని తరువాత నాకేం పోతుంది? ఒక ఆట ఓడిన కోపంలో వెంటనే ఇంకో ఆట మొదలుపెట్టకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల జోలికి అసలే పోవద్దు. మన రాష్ట్రంలో 2020లోనే నిషేధం వచ్చింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

ఇదంతా కాలక్షేపపు ఆట కోసమే చెబుతున్నానని అనుకోకండి. చదరంగంలో ఎత్తు వేసే వేలూ, బ్యాంకు యాప్ నొక్కే వేలూ ఒక్కటే. డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబరులో వచ్చి మన వారికి ఎంతో మేలు చేసింది. అదే అదనుగా "మీ సర్టిఫికెట్ అందలేదు, పెన్షన్ ఆగిపోతుంది, వెంటనే ఓటీపీ చెప్పండి" అనే మోసపు ఫోన్లూ బయలుదేరాయి. "వెంటనే" అన్న మాటే అక్కడ ఎర. అవతలివాడు మన గడియారాన్ని పరుగెత్తిస్తున్నాడన్నమాట. ఆటలో మంత్రి పోతే ఇంకో ఆట ఆడుకోవచ్చు, ఖాతాలో సొమ్ము పోతే తిరిగి రాబట్టడం కష్టం. అలాంటి ఫోను వస్తే పెట్టేసి, బ్యాంకుకో మన సంఘ కార్యాలయానికో వచ్చి అడగండి. ఒకవేళ సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. తొందర పనికివచ్చేది అక్కడే.

ముప్పై ఏళ్లకు పైగా చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టని వాళ్లం మనం. ఆ అలవాటు పదవీ విరమణతో పోకూడదు. సభ్యులందరూ, వారి కుటుంబ సభ్యులూ ఆరోగ్యంతో, నిలకడతో ఆడి ఆనందించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.