ఆంజనేయుడి బలం, జైకాల్ ప్రయోగశాల

1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్' హిందీ సీరియల్. గోదావరి జిల్లాల పిల్లలకు ఆ భాష అడ్డు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం టీవీ ఉన్న ఇంటి హాలు వీధి పిల్లలతో నిండిపోయేది. డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి "ఆ... వచ్చిందొచ్చింది, ఇంక కదపకు!" అని కేకలు. ఎపిసోడ్ అవ్వగానే కుడిచెయ్యి పైకెత్తి గిర్రున తిరుగుతూ అందరూ వీధిలో పడేవారు.

ముఖేష్ ఖన్నా వేసిన ఆ వీరుడికి బలం యోగసాధన వల్ల, పంచభూతాల వల్ల వచ్చింది. ఎదురు నిలిచినవాళ్లలో తమ్‌రాజ్ కిల్విష్ చీకటికి రాజు, మన కథల రాక్షసులకు దగ్గరి చుట్టం. నా దృష్టిలో అతనికన్నా ముఖ్యుడు లలిత్ పరిమూ వేసిన డాక్టర్ జైకాల్. మంత్రదండం లేదు, ప్రయోగశాల ఉంది. మాటిమాటికీ "పవర్!" అని అరిచే ఆ శాస్త్రవేత్త వచ్చిన ఎపిసోడ్లలో తపస్సు ఒకవైపు, సైన్సు మరోవైపు నిలబడి కొట్టుకున్నాయి.

ఈ పంపకం టీవీతో పుట్టింది కాదు. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాటను బతికించుకుంటున్న కుటుంబాలున్నాయి. దీపాల వెలుగులో తెర మీద హనుమంతుడి బొమ్మ ఎగిరితే జనం ఊగిపోయే ఆట అది. అలా ఆడిన కథల్లో మైరావణుడిది ఒకటి. రామలక్ష్మణుల్ని పాతాళానికి ఎత్తుకుపోయిన ఆ మాయావి ప్రాణం తుమ్మెదల్లో ఉంటుంది. ఆ రహస్యం కనిపెట్టి చంపేవాడు హనుమంతుడే. కనికట్టు విద్య దుష్టుడిది, దైవబలం వీరుడిది.

సినిమా ఆ కథనే పెద్దది చేసింది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో నటించిన ఎస్వీ రంగారావు 1951లో 'పాతాళభైరవి' నేపాళ మాంత్రికుడయ్యాడు. 1957లో 'మాయాబజార్'లో రచయిత పింగళి, దర్శకుడు కె.వి. రెడ్డి ప్రియదర్శిని పేటిక చూపించారు. మూత తీస్తే ప్రియమైనవాళ్లు కనిపించి మాట్లాడతారు. యంత్రంలాంటి ఆ వస్తువును చెడ్డవాడికివ్వకుండా ప్రేమికుల చేతిలో పెట్టడం నాకెప్పటికీ ముచ్చటే.

1978లో హాలీవుడ్ సూపర్‌మ్యాన్ వెండితెర మీదికి వచ్చాక, 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మేన్' వచ్చింది. దర్శకుడు వి. మధుసూదనరావు, నాయిక మన రాజమండ్రి అమ్మాయి జయప్రద. అమెరికా వీరుడు వేరే గ్రహం నుంచి బలం తెచ్చుకుంటే, మనవాడికి ఆంజనేయుడు ప్రసాదించాడు. 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మొగల్తూరు చిరంజీవికి ఎదురు నిలిచింది మళ్లీ మాంత్రికుడే, అమ్రీష్ పురి వేసిన మహాద్రష్ట.

ఆ మరుసటేడే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం తయారుచేసిన ప్రొఫెసర్ అందులో మంచివాడు. దొంగబుద్ధి పాతవస్తువుల పిచ్చి ఉన్న ధనవంతుడిది, వేసింది మళ్లీ అమ్రీష్ పురే. సైన్సును మంచివాళ్ల వైపు నిలబెట్టిన ఆ సినిమాకు గోదావరి వాళ్లం మరీ రుణపడాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఈ డెల్టా వరిపొలంగా మారింది. కట్టించిన ఇంజనీరు కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టి దండలేసే జనం మనం. కొలతలు, లెక్కలు, రాళ్లు పేర్చడం తెలిసినవాడిని దేవుడిలా చూసుకున్న నేల మీద, కథల్లో మాత్రం ప్రయోగశాల ఎక్కువగా దుష్టుడి చేతికే వెళ్లడం నాకు బాధగా ఉంటుంది. 'ఆదిత్య 369' వచ్చిన ఆరేళ్లకే జైకాల్ వచ్చి లెక్క మళ్లీ పాత దారిలో పెట్టాడు.

2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హను-మాన్' వచ్చింది. అంజనాద్రి కుర్రాడికి బలం ఇచ్చేది హనుమంతుడి రక్తబిందువు నుంచి పుట్టిన మణి. ఎన్టీఆర్ సినిమా వచ్చిన నలభై నాలుగేళ్లకూ వరమిచ్చేది ఆంజనేయుడే. మారింది ప్రతినాయకుడు. మైఖేల్‌కు లోకాన్ని చీకటి చెయ్యాలనీ లేదు, వీరుణ్ని బలివ్వాలనీ లేదు. తానే సూపర్‌హీరో కావాలి. అందుకు చిన్నతనంలో కన్నవాళ్లనే చంపాడు. పెద్దయ్యాక శాస్త్రవేత్త అయిన స్నేహితుడితో సూటు తయారు చేయించుకుని తిరిగాడు. ఆ సూటు చాలదనిపించాకే మణి కోసం అంజనాద్రి వచ్చాడు.